భోగి మంటకు ముందు కౌంటీ నోటీసు

టెక్సస్‌లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు సంక్రాంతి దగ్గర పడగానే పెరట్లో భోగి మంట వెయ్యాలనిపిస్తుంది. వెయ్యొచ్చు, కానీ ముందు కౌంటీలో బర్న్ బ్యాన్ (ఆరుబయట మంటల నిషేధం) ఉందేమో చూసుకోవాలి. ‘నా స్థలం, నా కట్టెలు, మధ్యలో కౌంటీకేం పని?’ అనే వాదన నాకు మింగుడుపడదు. చలికాలంలో మంటలేమిటి అనుకోవడం మన ఊరి లెక్క. టెక్సస్‌లో జనవరి, ఫిబ్రవరి నెలల్లో మంచుకు చచ్చి ఎండిన గడ్డి మీదికి పొడిగాలి తోలుతుంది; నిప్పురవ్వకు కంచెలు అడ్డం కావు. 2024 ఫిబ్రవరిలో పాన్‌హ్యాండిల్ ప్రాంతంలో లేచిన స్మోక్‌హౌస్ క్రీక్ మంట 10 లక్షల ఎకరాలకు పైగా కాల్చింది; రాష్ట్ర చరిత్రలో అంత పెద్దది లేదు. దానికి కారణం కరెంటు స్తంభం, ఎవరి పెరటి మంటా కాదు. కాబట్టి ‘కరెంటు కంపెనీలను వదిలి మామీద పడతారేం’ అనే ఉక్రోషంలో కొంత న్యాయముంది. అయినా ఇంటి యజమానుల మీద ఉన్న కట్టడి ఎంతని? నగర పరిధి బయటి స్థలాలకు కౌంటీ కమిషనర్ల కోర్టు ఇచ్చే నిషేధపు ఉత్తర్వు ఒకసారి ఇస్తే 90 రోజులకు మించదు. కావాలంటే మళ్లీ ఇవ్వాలి. ఉల్లంఘిస్తే జరిమానా గరిష్ఠంగా 500 డాలర్లు. ఓ మోస్తరు పట్టుచీర ఖరీదు! పక్కవాడి ఇంటికి ముప్పు తెచ్చే పనికి ఇది మరీ చవక, పెంచాలంటాను. నగరం లోపల ఉండేవాళ్లు మునిసిపల్ నిబంధనలూ, కాలనీ సంఘం నిబంధనలూ వేరే చూసుకోవాలి. పిల్లలకు భోగిపళ్లు పొయ్యడానికైతే ఏ అనుమతీ అక్కర్లేదు.