పిక్క మనది కాకుండా కార్ఖానా పెంచితే లాభం ఎవరికి?

జీడి సీజను వచ్చిందంటే ఉద్దానంలో రైతుకీ షావుకారుకీ మధ్య బేరం మొదలవుతుంది. ఆ బేరంలో ఏటేటా ఓడిపోతున్నది రైతే. ఆ తరువాత పిక్కలు కొట్టే దగ్గర, పొట్టు తీసే దగ్గర ఓడిపోతున్నది కూలి మహిళ. అందుకే "షావుకారు చేసే పని మనమే చేసుకుంటే ఏటి?" అన్న మాట పల్లెల్లో పుడుతోంది. పదిమంది మహిళలు కలిసి చిన్న బట్టీ పెట్టుకోవాలనీ, రైతులు ఉత్పత్తిదారుల కంపెనీగా ఏర్పడి సొంతంగా పప్పు తీసి అమ్ముకోవాలనీ ఆలోచిస్తున్నారు. ఈ ఆలోచన సరైనదే. దీన్ని మేము బలపరుస్తున్నాం. అయితే చిన్నగా మొదలైన సంస్థ పెద్దది కావాలనుకున్నప్పుడు ఎక్కడ కూలిపోతుందో ముందే తెలుసుకోకపోతే, ఈ మంచి ఆలోచనే సభ్యుల మెడకి కొత్త అప్పుగా చుట్టుకుంటుంది.

కంపెనీలు పెంచే విద్య పట్నాల్లో పెద్ద ఫీజులు తీసుకుని నేర్పుతున్నారు. ఆ విద్య షావుకార్లకే గాని మనకెందుకని కార్యకర్తలు అనుకోకూడదు. లెక్క తెలియనివాడు సమ్మెలో గెలిచినా సంతలో ఓడిపోతాడు.

యంత్రం కన్నా ముందు పిక్క

సుమ్మాదేవి నుంచి మందస వరకు, అటు వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి వరకు జీడి తోటలున్నాయి. పప్పు తీసే కార్ఖానాలు పలాస-కాశీబుగ్గలో వందల సంఖ్యలో ఉన్నాయి. తోటలో పిక్క రాలేది మార్చి నుంచి సుమారు మూడు నెలలు. కార్ఖానా నడవాల్సింది ఏడాది పొడుగునా. ఈ తేడాలోనే పెత్తనం రహస్యమంతా ఉంది. మూడు నెలల్లో పిక్క కొని దాచుకోగలిగినవాడు మిగతా తొమ్మిది నెలలు ధరని శాసిస్తాడు. దాచుకోలేనివాడు, అతను రైతైనా చిన్న బట్టీదారైనా, వాడి ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

ఓ లెక్క వేసి చూద్దాం. రోజుకి ఒక బస్తా, అంటే 80 కిలోల పిక్క నడిపే చిన్న బట్టీ ఏడాదికి 250 రోజులు పనిచేస్తుందనుకుందాం. 250 బస్తాలు కావాలి. లెక్క సులువు కోసం బస్తా 10 వేలు అనుకుంటే, ఒక్క పిక్క మీదే 25 లక్షలు పెట్టుబడి. అదే బట్టీని రోజుకి ఐదు బస్తాలకి పెంచితే 1,250 బస్తాలు, కోటీ 25 లక్షలు. ఏడాదిలో సరుకు కొంచెం కొంచెంగా తరుగుతుంది గనక సగటున అందులో సగం సొమ్ము గోదాములో ఇరుక్కుని ఉంటుంది. నూటికి 12 వడ్డీ చొప్పున ఆ సగానికే ఏడున్నర లక్షలు వడ్డీ.

ఈ లెక్క వెయ్యకుండా, అప్పు దొరికింది గదా అని పిక్క కోసే యంత్రం, కొత్త షెడ్డు కట్టేసినవాళ్ళ గతి ఏమవుతుంది? ఆగస్టు దాటేసరికి పిక్క అయిపోతుంది. మిగిలిన నెలలు షావుకారు దగ్గర ఎక్కువ ధరకి కొనాలి, లేదా తలుపులు మూసుకోవాలి. యంత్రానికి సెలవు దొరుకుతుంది గాని బ్యాంకు వడ్డీకి సెలవు దొరకదు. చివరికి ఆ షెడ్డులోనే షావుకారు పిక్కని కూలికి కొట్టిపెట్టే స్థితికి వస్తారు. పేరుకి యజమానులు, పనికి మళ్ళీ కూలీలు!

కాబట్టి మొదటి పాఠం ఇది: ఎన్ని రోజుల పిక్క మన చేతిలో ఉందో చూసి బట్టీని పెంచాలి. షెడ్డు పొడుగు చూసి కాదు.

కొల్లాం నేర్పిన పాఠం

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. కేరళలోని కొల్లాం ఒకప్పుడు ప్రపంచ జీడిపప్పు వ్యాపారానికే కేంద్రం. వేలాది మహిళా కార్మికులు అక్కడ పోరాడి హక్కులు సాధించుకున్నారు. యజమానులు ఏం చేశారు? తక్కువ కూలి వెతుక్కుంటూ కార్ఖానాలని సరిహద్దు దాటించి తమిళనాడుకి తరలించారు. 1969లో కేరళ ప్రభుత్వం జీడి అభివృద్ధి కార్పొరేషన్ స్థాపించి కార్ఖానాలని చేతికి తీసుకుంది. ఉద్దేశం గొప్పదే. కాని కార్ఖానా ప్రభుత్వానిదైనంత మాత్రాన పిక్క ప్రభుత్వానిది కాలేదు. సరిపడా పిక్క దొరక్క ఏడాదిలో ఎన్నో నెలలు కార్ఖానాలు ఖాళీగా ఉండిపోయిన సంవత్సరాలు చాలా ఉన్నాయి. చట్టం ప్రకారం కూలి రేటు ఉంది, పని రోజులే లేవు.

2015 తరువాత కొల్లాంలో ప్రైవేటు కార్ఖానాలు వందల సంఖ్యలో మూతపడ్డాయి. కూలి పెంచినందువల్లే మూతపడ్డాయని యజమానులు ప్రచారం చేశారు. అసలు సంగతి చూస్తే ముడి పిక్క ధర పెరిగింది, బయటనుంచి తెచ్చే పిక్క మీద 2016లో కేంద్రం 5 శాతం సుంకం వేసింది, బ్యాంకు అప్పులు మొండి బకాయిలయ్యాయి. 2018లో సుంకాన్ని రెండున్నర శాతానికి తగ్గించేసరికే చాలామంది చేతులెత్తేశారు.

మరోవైపు వియత్నాం 2006లో మన దేశాన్ని దాటి జీడిపప్పు ఎగుమతిలో ప్రపంచంలో మొదటి స్థానానికి వచ్చింది. ఆ దేశం యంత్రాలని తానే తయారు చేసుకుంది, ఆ మాట నిజం. అయితే అక్కడి కార్ఖానాలకి కావలసిన పిక్కలో ఎక్కువ భాగం ఆఫ్రికా నుంచి, కంబోడియా నుంచి రావాల్సిందే. ఇప్పుడు పిక్క పండించడంలో ముందున్న ఐవరీ కోస్టు "మా పిక్క మేమే కొట్టుకుంటాం" అంటూ సొంత కార్ఖానాలు పెంచుకుంటోంది. ఐవరీ కోస్టు రైతు అడుగుతున్నదీ ఉద్దానం రైతు అడుగుతున్నదీ ఒకటే.

కొల్లాంకి లేనిదీ, మనకున్నదీ ఏమిటి? గడప ముందే తోట. పలాస కార్ఖానాలు కూడా ఆఫ్రికా పిక్క మీద ఆధారపడుతున్న ఈ రోజుల్లో, తోట ఉన్న రైతు సభ్యుడుగా ఉన్న సంస్థకి అది మొదటి బలం. ఆ బలాన్ని వదిలేసి పెద్ద వ్యాపారి నడిచిన దారిలోనే నడిస్తే మనకి మిగిలేదేమీ లేదు.

కూలి కోసి పెరిగేది పెరుగుదల కాదు

చిన్న సంస్థ పెరగాలంటే ఖర్చు తగ్గించాలని చెప్పేవాళ్ళు ముందుగా వేలు చూపించేది కూలి మీదే. ఇది అన్యాయమే కాదు, తెలివితక్కువ లెక్క కూడా.

80 కిలోల మంచి పిక్క నుంచి 20 కిలోల పైచిలుకు పప్పు వస్తుంది. ఆ పప్పంతా ఒకే ధరకి పోదు. గుండుకి ఒక ధర, బద్దకి ఒక ధర, ముక్కకి మరీ తక్కువ. గుండులో కూడా 180, 210, 240, 320 అని రకాలున్నాయి. పౌనుకి ఎన్ని గింజలు తూగుతాయో ఆ అంకె చెబుతుంది. అంకె తగ్గేకొద్దీ గింజ పెద్దది, ధర ఎక్కువ. గుండు గుండుగానే బయటికి రావాలంటే ఉడకబెట్టడం సరిగ్గా ఉండాలి, ఆరబెట్టడం సరిగ్గా ఉండాలి, అన్నిటికన్నా కొట్టే చేతికి నేర్పు ఉండాలి. తొందరపెట్టి, కూలి కోసి, ఆకలి కడుపుతో పని చేయిస్తే గుండు ముక్కవుతుంది. కూలిలో మిగిల్చిన రూపాయి ధరలో పోతుంది.

పైగా పిక్క పెంకులోని జీడినూనె చేతులని కాల్చేస్తుంది. ఏళ్ళ తరబడి కొట్టిన అమ్మల వేళ్ళు చూసినవాళ్ళకి ఈ సంగతి చెప్పనక్కర్లేదు. చేతి తొడుగులు, పొగ బయటికి పోయే ఏర్పాటు, కూర్చునే ఎత్తు పీట, ఇవన్నీ పెట్టుబడి పద్దులో మొదటి వరసన రాయాలి. బోర్డు రెండుగా చీల్చి కూలీల లెక్క తగ్గించి చూపే తెలివి మన సంస్థల్లోకి రాకూడదు. అది వచ్చిన రోజున మనకీ షావుకారుకీ తేడా లేదు.

ఇక్కడ ఒక వైరుధ్యాన్ని దాచకుండా చెప్పుకోవాలి. రైతుకి పిక్క ధర పెరగాలి. కూలికి రేటు పెరగాలి. రెండూ అదే పప్పులోంచి రావాలి. కమిటీలో రైతులు మాత్రమే ఉంటే కూలి తగ్గుతుంది. అందుకని కొట్టే మహిళలు, పొట్టు తీసే మహిళలు వాటాదార్లుగా, కమిటీలో సగం మందిగా ఉండాలి. వాటా సొమ్ము వాయిదాల్లో కట్టనివ్వాలి. పిక్క ఎంతకి కొన్నారు, కూలి ఎంత ఇచ్చారు, పప్పు ఎంతకి అమ్మారు అన్న మూడు అంకెలూ ప్రతి నెలా గోడ మీద రాసి పెట్టాలి. చదువురాని సభ్యురాలికి చదివి వినిపించాలి.

లాభం కాగితం మీదా, పెట్టెలోనా?

పెరుగుతున్న చిన్న సంస్థలని ముంచే రెండో గొయ్యి అరువు. పెద్ద ఊరి వ్యాపారి వస్తాడు. "నెలకి టన్ను పప్పు తీసుకుంటాను, రెండు నెలలకి డబ్బిస్తాను" అంటాడు. పెద్ద ఆర్డరు వచ్చిందని సంబరపడతాం. ఆ రెండు నెలలూ పిక్కకీ, కూలికీ, కట్టెలకీ డబ్బు మనమే పెట్టాలి. అంటే ఆ వ్యాపారికి వడ్డీ లేని అప్పు ఇస్తున్నది పొట్టు తీసే కూలి మహిళే! ఆర్డరు ఎంత పెద్దదైతే మన పెట్టె అంత ఖాళీ. పుస్తకంలో లాభం చూపిస్తూనే కూలి ఇవ్వడానికి రూపాయి లేక మూతపడ్డ సంస్థలు ఎన్నో.

కాబట్టి ఒక్క కొనుగోలుదారుకే సరుకంతా కట్టబెట్టొద్దు. అరువు ఇస్తే ఎంత ఇవ్వాలో హద్దు ముందే కమిటీలో తీర్మానించాలి. కొంత సరుకు దగ్గరి సంతల్లో, స్వీటు దుకాణాల్లో రొక్కానికి అమ్మాలి. లాభం కాస్త తగ్గినా ఆ రొక్కమే వారం వారం కూలిని నిలబెడుతుంది.

ముల్కనూరు దారి

పెరగడమంటే కొత్త కొత్త ఊళ్ళకి పాకిపోవడమేనా? తెలంగాణలో, ఇప్పటి హనుమకొండ జిల్లాలోని ముల్కనూరు సహకార సంఘం దీనికి జవాబు. 1956లో చిన్న పరపతి సంఘంగా మొదలైంది. అది రాష్ట్రమంతా శాఖలు తెరవలేదు. తన చుట్టూ ఉన్న కొద్ది ఊళ్ళలోనే ఉండి, అదే సభ్యులకి ఒక్కొక్క పనీ చేసిపెడుతూ వచ్చింది. మొదట అప్పు, తరువాత ఎరువులూ విత్తనాలూ, ఆ పైన ధాన్యం కొనుగోలు, రైసు మిల్లు, పత్తి జిన్నింగు. వెడల్పుగా కాక లోతుగా పెరిగింది. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చాక ఆ ప్రాంతపు మహిళలు 2000లో సొంత డెయిరీ కూడా నిలబెట్టుకున్నారు.

ఉద్దానానికి ఇందులో పనికొచ్చేది ఏమిటి? ఒక్క బట్టీని ఐదింతలు చేయడం కన్నా, ఐదు ఊళ్ళలో ఐదు చిన్న బట్టీలు నిలబెట్టి వాటిని ఒక సమాఖ్యగా కట్టడం మేలు. పిక్క కొట్టడం ఊళ్ళోనే జరగాలి. అప్పుడు పిల్లల్ని చూసుకునే తల్లికి పని ఇంటి దగ్గరే దొరుకుతుంది. ఒక్కరివల్ల కానివి మాత్రం కలిసి పెట్టుకోవాలి. గోదాము ఒకటి, గ్రేడింగు, ప్యాకింగు ఒక చోట, పేరు ఒకటి, లెక్కలు రాసే జీతగాడు ఒకడు. పెంకుల నుంచి తీసే నూనె రంగుల తయారీకీ, బ్రేకు లైనింగులకీ పోతుంది. ఒక్క బట్టీ పెంకులకి నూనె గానుగ గిట్టదు, పది బట్టీల పెంకులకి గిట్టుతుంది.

సర్కారు పూచీ

2020లో కేంద్రం మొదలుపెట్టిన పథకం కింద మైదాన ప్రాంతంలో 300 మంది సభ్యులుంటే ఉత్పత్తిదారుల సంస్థ పెట్టుకోవచ్చన్నారు. మూడేళ్ళపాటు నిర్వహణకి 18 లక్షల వరకు, సభ్యుడి వాటాకి సమానంగా 2 వేలు మించకుండా, మొత్తం 15 లక్షల వరకు గ్రాంటు అన్నారు. సభ్యులు 15 లక్షలు కట్టి, సర్కారు 15 లక్షలు ఇచ్చినా 30 లక్షలు. పైన వేసుకున్న లెక్కలో అది రోజుకి ఒక బస్తా బట్టీకి సరి! మూడేళ్ళు గడిచాక జీతగాడి జీతం ఎక్కడనుంచి వస్తుందో చెప్పేవాళ్ళు లేరు. గ్రాంటుతో పుట్టిన సంస్థ గ్రాంటుతోనే చావకుండా ఉండాలంటే మొదటి ఏడే తన ఖర్చు తాను సంపాదించుకోవడం నేర్చుకోవాలి.

పెట్టుబడి కొరత తీర్చుకునే దారి ఒకటుంది. సభ్యుడైన రైతు పిక్క ఇచ్చినప్పుడు ధరలో ఎక్కువ భాగం వెంటనే, మిగతాది పప్పు అమ్మాక. అయితే అప్పులవాళ్ళు గడపలో కూర్చున్న రైతు ఆగలేడు. అందుకే గోదాము రశీదు మీద తక్కువ వడ్డీ అప్పు కావాలి. 2007 నాటి గోదాముల చట్టం ఆ రశీదుకి విలువ ఇచ్చింది. ఉద్దానంలో అటువంటి గోదాములు చాలినన్ని కట్టమని, బస్తాకి 16 వేలు గిట్టుబాటు ధర ప్రకటించమని రైతు సంఘాలు కొన్నేళ్ళుగా అడుగుతున్న కోరికతో కలిపి అడగాలి. కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో జీడి లేదన్న సంగతి మరిచిపోకూడదు. ధర కోసం పోరాటం మానేసి బట్టీ పెట్టుకున్నా, బట్టీ మానేసి పోరాటమే చేసినా ఒంటికాలి నడకే అవుతుంది.

చివరగా, తుఫాను లెక్క. 2013 అక్టోబరులో ఫైలిన్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఈ తోటలని ఏం చేశాయో ఎవరికీ గుర్తు చేయనక్కర్లేదు. కూలిన చెట్టు చోట మొక్క నాటితే కాపుకి ఏళ్ళు పడుతుంది. లాభం వచ్చిన ఏడాది అంతా పంచుకోకుండా, అంతా యంత్రంలో పెట్టకుండా, కొంత భాగం ఆపద నిధిగా విడిగా ఉంచని సంస్థ ఒక్క గాలికి పోతుంది.

సుమ్మాదేవి వంటి చిన్న స్టేషనులో రైలెక్కి వలసపోతున్న కుర్రాళ్ళకి ఊళ్ళోనే పని చూపించాలంటే ఇటువంటి సంస్థలు నిలబడాలి. కార్యకర్తలు ఈ సీజనులో చేయవలసిన పని ఒకటుంది. ప్రతి ఊళ్ళో ఎన్ని బస్తాల పిక్క రాలుతుంది, అందులో ఎన్ని బస్తాలు సభ్యులు సంస్థకి నిలుపుకోగలరు, ఆ లెక్క ఇంటింటికీ తిరిగి రాయండి. ఆ కాగితం చేతికొచ్చాకే యంత్రం ధర అడగండి.