తొమ్మిది పాయింట్ల గోలు



ఈ నెల మీకు మొదటనే ఒక చిక్కు ప్రశ్న వేస్తాను. ఒక జట్టు మార్చి నెలలో కప్పు గెలిచింది. ఫైనలులో ఎదుటి జట్టును ఓడించి, కప్పును పైకెత్తి అందరికీ చూపింది. అదే జట్టు, అదే ఏడాది, అదే ఆటలో, అవే జట్లతో తలపడి లీగు పట్టికలో అందరికన్నా అడుగున నిలిచింది. 22 ఆటలు ఆడితే 4 గెలిచింది, ఒకటి సమానమయింది, తక్కిన 17 ఓడిపోయింది. ఇప్పుడు చెప్పండి, ఆ జట్టును మంచి జట్టు అనాలా, చెడ్డ జట్టు అనాలా?

ఇది కట్టుకథ కాదు. 2005 లో ఆస్ట్రేలియాలో నిజంగా జరిగింది. ఆ జట్టు పేరు కార్ల్‌టన్. మెల్‌బోర్న్ నగరంలో చాలా పాత క్లబ్బు. ఇది ఎట్లా జరిగిందో తెలుసుకోవాలంటే ముందు ఆ ఆట ఏమిటో, ఆ కప్పు ఏమిటో తెలుసుకోవాలి.

మనం బడి మైదానంలో ఆడే ఫుట్‌బాల్ కాక, ఆస్ట్రేలియా వారికి తమదంటూ వేరే ఫుట్‌బాల్ ఉన్నది. దాన్ని ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ అంటారు. దీని పుట్టుక తమాషా అయినది. 1858 లో టామ్ విల్స్ అనే క్రికెట్ ఆటగాడు ఒక పత్రికకు ఉత్తరం రాశాడు. చలికాలంలో క్రికెట్ ఉండదు గదా, అప్పుడు ఆటగాళ్ల ఒళ్లు మొద్దుబారిపోకుండా ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టుకుంటే బాగుంటుందని అందులో సలహా చెప్పాడు. మరుసటి ఏడు, అంటే 1859 లో, మెల్‌బోర్న్ ఫుట్‌బాల్ క్లబ్బువారు కూర్చుని ఆటకు నియమాలు రాసుకున్నారు. చూశారా? ఒక ఆటకు తయారుగా ఉండటానికని తలపెట్టింది మరొక పెద్ద ఆట అయి కూర్చున్నది!

క్రికెట్ మైదానాల మీద పెరిగిన ఆట గనక దీని మైదానం కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. పొడవు 135 మీటర్ల నుంచి 185 మీటర్ల దాకా ఉండవచ్చు. జట్టుకు 18 మంది ఆడతారు. బంతి కూడా గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది. దాన్ని కాలితో తన్నవచ్చు. లేదా ఒక చేతిలో పట్టుకుని రెండో చేతి పిడికిలితో కొట్టి తనవాడికి అందించవచ్చు. విసరటం మాత్రం కూడదు. బంతి పట్టుకుని పరుగెత్తవచ్చు గాని, 15 మీటర్లకు ఒకసారి అయినా దాన్ని నేలకు తాకించాలి.

ఇక గోలు సంగతి. మైదానం రెండు కొసలా నాలుగేసి స్తంభాలు పాతి ఉంటాయి. మధ్య రెండూ పొడుగు, చివర రెండూ పొట్టి. తన్నిన బంతి ఎవరినీ తాకకుండా పొడుగు స్తంభాల నడుమనుంచి పోతే గోలు. దానికి 6 పాయింట్లు. పక్క సందుల్లోనుంచి పోతే దాన్ని బిహైండ్ అంటారు. దానికి ఒక్క పాయింటు. అడ్డుకునే జట్టువాడే బంతిని తన గీత దాటించాడనుకోండి, అప్పుడు కూడా ఎదుటి జట్టుకు ఒక్క పాయింటే వస్తుంది. ఈ చివరి మాట గుర్తు పెట్టుకోండి. దీనితో మనకు పని ఉన్నది.

అక్కడి పెద్ద లీగు పోటీ మార్చిలో మొదలై సెప్టెంబరులో ముగుస్తుంది. మనకు ఎండలు ముదిరే రోజుల్లో వాళ్లకు చలి మొదలవుతుంది. భూగోళంలో వాళ్లది దక్షిణపు సగం గదా! 1988 నుంచి 2013 దాకా, 26 సంవత్సరాలపాటు, ఈ పెద్ద పోటీకి ముందు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక చిన్న కప్పు పోటీ జరిపేవారు. దానికి తాత కూడా ఒకటి ఉన్నది. 1956 లో మెల్‌బోర్న్‌లోని లేక్ ఓవల్ మైదానంలో విద్యుద్దీపాల వెలుగులో రాత్రిపూట ఒక పోటీ పెట్టారు. పెద్ద పోటీలో మొదటి నాలుగు స్థానాలూ దక్కని జట్ల కోసం పెట్టిన పోటీ అది. అప్పుడది ఓడినవాళ్లకు ఓదార్పు. 1988 నుంచి అది ఆడబోయేవాళ్లకు అభ్యాసం అయింది.

పల్లెటూరి పిల్లలకు నారుమడి అంటే తెలుసు. వరి గింజలను ఏకంగా పొలమంతా చల్లకుండా, ముందు ఒక చిన్న మడిలో పోసి మొలిపిస్తారు. మొలక పాడైతే ఆ మడి వరకే నష్టం. బలంగా ఎదిగిన నారును తీసి పొలంలో నాటుతారు. ఈ కప్పు పోటీ ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌కు అటువంటి నారుమడి. కొత్త కుర్రవాళ్లను అందులో ఆడించి చూసేవారు. కొత్త కుర్రవాళ్లనే కాదు, కొత్త నియమాలను కూడా ఆడించి చూసేవారు!

2003 లో అట్లా మొలిచిందే తొమ్మిది పాయింట్ల గోలు. దాన్ని సూపర్ గోలు అన్నారు. గోలు స్తంభాలనుంచి 50 మీటర్ల దూరాన మైదానం మీద వంపు గీత ఒకటి గీసి ఉంటుంది. ఆ గీతకు అవతలినుంచి తన్ని గోలు చేస్తే ఆరు కాదు, తొమ్మిది పాయింట్లు ఇచ్చేవారు. దూరంనుంచి తన్నే ధైర్యానికి బహుమానం అన్నమాట. దీనితో లెక్క రాసే పద్ధతి కూడా మారింది. మామూలుగా 7.10 అని రాస్తే 7 గోళ్లు, 10 బిహైండ్లు అని అర్థం. కప్పు పోటీలో 1.7.10 అని మూడంకెలు రాసేవారు. అంటే ఒక సూపర్ గోలు, 7 గోళ్లు, 10 బిహైండ్లు. 9, 42, 10 కలిపితే 61 పాయింట్లు.

చూసేవాళ్లకు ఇది మంచి వేడుక. కాని ఏళ్లు గడిచినా ఈ మొక్కను నారుమడినుంచి తీసి పొలంలో నాటలేదు. పెద్ద లీగు పోటీలో గోలుకు ఆరు పాయింట్లే నిలిచాయి. మరి ఆ ప్రయోగం వృథా అయిందా? కాలేదు. వద్దని తెలుసుకోవటం కూడా తెలుసుకోవటమే.

ఇప్పుడు పొలంలో నాటుకున్న మొక్క కథ చెబుతాను. 2008 సెప్టెంబరులో పెద్ద ఫైనలు మెల్‌బోర్న్ క్రికెట్ మైదానంలో జరిగింది. లక్షమంది చూడటానికి వచ్చారు. ఒక పక్క గీలాంగ్ జట్టు. ఆ ఏడు లీగులో 22 ఆటలు ఆడి ఒక్కటే ఓడిపోయిన జట్టు. రెండో పక్క హాతార్న్. ఆట ముగిసేసరికి లెక్కలు ఇవి: హాతార్న్ 18.7, అంటే 115 పాయింట్లు, గీలాంగ్ 11.23, అంటే 89 పాయింట్లు.

ఈ అంకెలు జాగ్రత్తగా చూడండి. గోళ్లూ బిహైండ్లూ కలిపితే హాతార్న్‌కు 25, గీలాంగ్‌కు 34. అయినా గీలాంగే 26 పాయింట్ల తేడాతో ఓడిపోయింది! ఎందుకంటే దానికి వచ్చినవాటిలో 23 ఒక్కొక్క పాయింటువే. ఆ 23 లో 11 హాతార్న్ వాళ్లు తమంతట తామే బంతిని తమ గీత దాటించగా వచ్చినవి. ఆరు పాయింట్లు పోయే ప్రమాదం కంటే ఒక్క పాయింటు ఇచ్చుకోవటం మేలని వాళ్ల లెక్క. పైగా బిహైండ్ తరవాత బంతిని మళ్లీ ఆటలోకి తన్నే వంతు కూడా వాళ్లదే. నియమాల ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. కాని, అడ్డుకోవటానికి పెనుగులాడవలసిన చోట ఆటగాడు తీరికగా బంతిని వెనక్కు దాటించేస్తుంటే ఆటకు కళ ఏముంటుంది?

అయితే పెద్దలు తొందరపడి పెద్ద పోటీలో నియమం మార్చెయ్యలేదు. మరుసటి ఏడు, 2009 లో, కప్పు పోటీలో ఒక కొత్త నియమం ఆడించి చూశారు. ఎవరూ మీదికి రాకుండానే కావాలని బంతిని తన గీత దాటిస్తే, ఎదుటి జట్టుకు అక్కడే ఫ్రీ కిక్ ఇవ్వాలి. అంతదగ్గర ఫ్రీ కిక్ అంటే దాదాపు గోలు ఇచ్చినట్టే! ప్రయోగం బాగున్నదనిపించింది. ఆ ఏడే దాన్ని లీగు పోటీలో కూడా అమలు చేశారు. ఇంకొక ముచ్చట. ఆ 2009 కప్పు గెలిచింది గీలాంగ్. ఆ ఏడు పెద్ద ఫైనలు గెలిచింది కూడా గీలాంగే.

అట్లాగని, కప్పు గెలిచినవాడే లీగు గెలుస్తాడని అనుకోకండి. 26 ఏళ్లలో ఒకే జట్టు రెండూ గెలిచింది అయిదే అయిదు సార్లు. హాతార్న్ 1988 లో, 1991 లో. ఎసెండన్ 1993 లో, 2000 లో. గీలాంగ్ 2009 లో. తక్కిన 21 ఏళ్లలో కప్పు ఒకరిది, పెద్ద గెలుపు మరొకరిది.

ఇప్పుడు కార్ల్‌టన్ చిక్కు విప్పుదాం. 2005 లో 16 జట్లు ఉండేవి. కప్పు పోటీలో ఓడినవాళ్లు ఓడినట్టే ఇంటికి పోవాలి. 16 మంది 8 కావాలి, 8 మంది 4, తరవాత 2, చివరకు ఒకరు. కనక వరసగా నాలుగు ఆటలు గెలిస్తే చాలు, కప్పు చేతికి వస్తుంది. పైగా ఆ పోటీలో చాలా జట్లు ముఖ్యమైన ఆటగాళ్లకు విశ్రాంతి ఇచ్చి కుర్రవాళ్లను దించేవి. కార్ల్‌టన్ ఆ నాలుగూ గెలిచింది. లీగులో అట్లా కాదు. అప్పుడు ఆరు నెలలు, 22 ఆటలు, ప్రతి జట్టూ తన బలమంతా తెచ్చి ఆడేది. అక్కడ కూడా కార్ల్‌టన్ గెలిచింది నాలుగే! నాలుగు గెలుపులు ఒకచోట కప్పు తెచ్చాయి, ఇంకొకచోట అడుగుకు తోశాయి. 2007 లో అదే జట్టు మళ్లీ కప్పు గెలిచింది. లీగులో మళ్లీ 16 జట్లలో 15 వ స్థానాన నిలిచింది.

అందుచేత నా ప్రశ్నకు జవాబు ఇది. మంచి జట్టనీ అనవద్దు, చెడ్డ జట్టనీ అనవద్దు. అభ్యాసంలో వచ్చిన ఫలితాన్ని చూసి ఎవరినీ కొలవవద్దు. ఈ మాట నేను ఊరికే చెప్పటం లేదు. ఒక పిల్లవాడి దగ్గర నేర్చుకుని చెబుతున్నాను.

నేను లెక్కల మాస్టారుగా ఉన్న రోజుల్లో ప్రతి శనివారం స్లిప్ టెస్టు పెట్టేవాణ్ణి. సోమవారం పొద్దున్నే మార్కులు తరగతిలో పైకి చదివేవాణ్ణి. తక్కువ వచ్చినవాళ్ల పేర్లు ముందు చదివేవాణ్ణి. సిగ్గుపడి చదువుతారని నా ఊహ. ఎనిమిదో తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. ఏ లెక్క ఇచ్చినా తనకు తోచిన కొత్త దారిలో చెయ్యబోయేవాడు. కొన్ని వచ్చేవి, కొన్ని తప్పేవి. కొన్ని వారాలు గడిచాక చూస్తే, కష్టమైన లెక్కల దగ్గర వాడి కాగితం తెల్లగా ఉంటున్నది. పిలిచి, "ఏమిరా, చేతకాలేదా?" అని అడిగాను.

"చేస్తే వచ్చేదేమోనండీ. తప్పయితే మీరు అందరిలో చదువుతారు గదండీ," అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. నేర్చుకోవటానికని నేను పెట్టిన పరీక్ష, వాడికి ప్రయత్నం మానటం నేర్పింది. ఆ సోమవారం నుంచి మార్కులు పైకి చదవటం మానేశాను. లెక్క ఎక్కడ దారి తప్పిందో అక్కడ సున్న చుట్టి ఎవరి కాగితం వాళ్లకు ఇచ్చేవాణ్ణి. అయినా ఆ కుర్రవాడు మళ్లీ కష్టమైన లెక్క ముట్టుకోవటానికి చాలా వారాలు పట్టింది. ఒకసారి బెదిరిన చెయ్యి ఒక్కరోజులో కుదుటపడదు.

2013 లో ఆఖరి కప్పును బ్రిస్బేన్ జట్టు కార్ల్‌టన్‌ను ఓడించి గెలుచుకున్నది. 2014 నుంచి ఆ కప్పు లేదు. లీగుకు ముందు జట్లు అభ్యాసపు ఆటలు మాత్రం ఆడుతున్నాయి. కప్పు పోయింది గాని అభ్యాసం పోలేదు. ఏది లేకపోయినా ఫరవాలేదో, ఏది లేకపోతే జరగదో దీన్నిబట్టి మీకే తెలుస్తుంది.

పిల్లలూ, మీ చిత్తుపుస్తకం మీ నారుమడి. అందులో ధైర్యంగా 50 మీటర్ల అవతలినుంచి తన్నండి. తప్పితే తప్పింది. ఎక్కడ తప్పిందో చూసుకుని మళ్లీ తన్నండి. ఇది చదివే తల్లిదండ్రులకు కూడా ఒక మనవి. పిల్లవాడు స్లిప్ టెస్టు కాగితం తెచ్చినప్పుడు, "ఎన్ని వచ్చాయి?" అని అడిగేముందు, "ఏ లెక్క కొత్తగా చేసి చూశావు?" అని అడగండి.

చివరగా, ఈ నెల లెక్క. కప్పు పోటీలో రెండు జట్లు ఆడాయనుకోండి. ఒక జట్టు లెక్క 2.6.8. రెండో జట్టు లెక్క 0.10.3. ఎవరు గెలిచారు? ఎన్ని పాయింట్ల తేడాతో? సూపర్ గోళ్లు లేని లీగు పోటీలో అవే బంతులు అట్లాగే తన్ని ఉంటే తేడా ఎంత ఉండేది? చిత్తుపుస్తకంలో చేసి చూడండి. జవాబు వచ్చే నెల.