సెప్టిక్ ట్యాంకు నిండలేదని మురిసిపోకండి

కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు సెప్టిక్ ట్యాంకు గురించి అడిగే మొదటి ప్రశ్న, అది ఏ మూలన రావాలని. ఈశాన్యంలో బోరు, వాయవ్యంలో ట్యాంకు అని వాస్తు చెప్పేవాళ్లు చెబుతారు, మేస్త్రీ ముగ్గు పోస్తాడు. రెండో ప్రశ్న, ఎన్నేళ్లకు నిండుతుందని. ‘కాస్త పెద్దది కట్టేద్దాం సార్, ఇరవై ఏళ్లు అటు చూడక్కర్లేదు’ అని మేస్త్రీ భరోసా ఇస్తాడు. అడుగున కాంక్రీటు వేయకుండా వదిలేద్దామన్న సలహా కూడా చాలాసార్లు ఆయనదే. నీళ్లు భూమిలోకి ఇంకిపోతాయి, ట్యాంకు పొంగదు, ఖర్చూ కలిసొస్తుంది. ఎన్నేళ్లకోసారి ఖాళీ చేయించాలన్న మూడో ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు.

‘మా ట్యాంకు పదిహేనేళ్లయినా నిండలేదు’ అని గొప్పగా చెప్పుకునే ఇంటి యజమానులు ప్రతి వీధిలోనూ ఉంటారు. అసలు సంగతేమిటంటే, సక్రమంగా కట్టిన సెప్టిక్ ట్యాంకు వాడకం మొదలైన కొద్ది రోజుల్లోనే నిండుతుంది. నిండాకే అది పని మొదలుపెడుతుంది. ఇటునుంచి ఎంత నీరు వచ్చి పడితే అటువైపు గొట్టంలోంచి అంత నీరు బయటికి పోతుంది. ఈ మధ్యలో బరువైనదంతా అడుగుకు చేరి మడ్డి అవుతుంది. నూనె, సబ్బు జిడ్డు పైకి తేలి తెట్టు కడతాయి. నడుమ తేరిన నీరు సోక్‌పిట్ అనే గుంతలోకి వెళ్లి భూమిలోకి ఇంకుతుంది. గాలి తగలని చోట బతికే బ్యాక్టీరియా మడ్డిలో కొంత భాగాన్ని అరిగించుకుంటుంది. మిగిలింది పేరుకుపోతూనే ఉంటుంది.

ఎంత పేరుకుంటుంది? మనలాంటి వేడి ప్రాంతాల్లో మనిషికి ఏడాదికి సుమారు 30–40 లీటర్లని ఇంజినీర్లు లెక్క వేస్తారు. ఐదుగురున్న ఇంట్లో 2,000 లీటర్ల ట్యాంకు ఉందనుకుంటే, మూడు నాలుగేళ్లు తిరిగేసరికి అందులో మూడో వంతు మడ్డే. అక్కడి నుంచి నీరు తేరుకోవడానికి చోటూ చాలదు, సమయమూ చాలదు. కొత్తగా వచ్చిన మురుగు పాత మడ్డి మీదుగా జారి సోక్‌పిట్‌లో పడుతుంది. భారతీయ ప్రమాణాల సంస్థ నియమావళి, ఐఎస్ 2470, ట్యాంకు కొలతలను ఎన్నేళ్లకోసారి మడ్డి తీస్తారన్న లెక్క మీదే నిర్ణయిస్తుంది. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ మార్గదర్శకాలు రెండు మూడేళ్లకోసారి తీయించమంటాయి. అంటే ఖాళీ చేయించడం ట్యాంకు చెడిపోయాక చేయించే రిపేరు కాదు, ట్యాంకు డిజైనులోనే ఉన్న పని.

మనం మాత్రం పొంగినప్పుడే కదులుతాం. చాలా ఇళ్లలో పొంగడమంటే ట్యాంకు నిండటం కాదు, సోక్‌పిట్ మూసుకుపోవడం. చుట్టూ ఉన్న మట్టి రంధ్రాల్లో జిడ్డూ మడ్డీ పట్టేశాక ఆ గుంత మళ్లీ మామూలు కాదు. కొత్తది తవ్వాలి. తవ్వడానికి జాగా ఉండాలి. ట్యాంకరుకు పోయే కొన్ని వేలు మిగిలాయనుకున్న ఇంటాయన ఇప్పుడు పోర్టికో టైల్స్ పగలగొట్టించుకుంటాడు. అసలు మూత ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియక మూడు చోట్ల స్లాబు కొట్టి చూసే ఇళ్లూ ఉన్నాయి.

ఎప్పటికీ పొంగనివి ఇంకో రకం. ట్యాంకు నుంచి వచ్చే గొట్టాన్ని సోక్‌పిట్‌కు కాకుండా నేరుగా వీధి కాలువలోకి తిప్పేసిన ఇళ్లవి. వాటికి ఏ ఇబ్బందీ ఉండదు, ఇబ్బందంతా వీధిది. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని పట్టణ కుటుంబాల్లో 38.2 శాతం సెప్టిక్ ట్యాంకులున్నవని, 32.7 శాతం భూగర్భ డ్రైనేజీ కనెక్షన్ ఉన్నవని తేలింది. లెక్క రాసుకోవడానికి వచ్చినవారు ట్యాంకు ఉందా అని అడిగారు గానీ గొట్టం ఎటు పోతోందని అడగలేదు. కాలువలోని ఆ నల్లనీళ్ల గురించి మున్సిపాలిటీని తిట్టేవాళ్లలో చాలామంది గొట్టాలు ఆ కాలువలోకే తెరుచుకుంటాయి.

బోరు సంగతికొద్దాం. తాగునీటి బావికి, మురుగు ఇంకే గుంతకు మధ్య కనీసం 18 మీటర్లు, అంటే దాదాపు 60 అడుగుల దూరం ఉండాలన్నది నియమం. 150 గజాల స్థలాన్ని 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు అనుకోండి. ఈ మూల నుంచి ఆ మూలకు ఏటవాలుగా కొలిచినా 54 అడుగులే. ఈశాన్యం నుంచి వాయవ్యానికైతే 30 లేదా 45. ఏ దిక్కు లెక్కలు వేసినా 60 రాదు. పైగా మీ బోరుకు పక్కింటివారి సోక్‌పిట్ మీ సోక్‌పిట్ కంటే దగ్గరగా ఉండొచ్చు, వాళ్ల బోరుకు మీది. చిన్న స్థలాల కాలనీల్లో దూరం రక్షించలేదు కాబట్టి మిగిలిన రక్షణ ఒక్కటే: సోక్‌పిట్‌లోకి పోయే నీరు వీలైనంత తేరినదై ఉండటం. ట్యాంకులో మడ్డి తగ్గితేనే అది కుదురుతుంది. గోదావరి డెల్టాలో పది అడుగులకే నీళ్లు పడే ఊళ్లలో ఈ మాటకు ఇంకా బరువుంది.

ఇంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. ట్యాంకరు పంపు పారేదాన్ని మాత్రమే లాగగలదు. రెండు మూడేళ్ల మడ్డి చిక్కగా ఉన్నా పారుతుంది. పదిహేనేళ్లది అడుగున గట్టిపడిపోతుంది. ట్యాంకరు వచ్చి పైనీళ్లు లాగేసి ఆగిపోతుంది. బకెట్లతో నీళ్లు పోస్తారు, వెదురు గడతో కలుపుతారు, గొట్టం మళ్లీ వేస్తారు, అడ్డుపడుతుంది. డ్రైవరుకు ఇంకో ట్రిప్పు ఉంటుంది, ఇంటాయనకు డబ్బులు దండగ కాకూడదనుంటుంది. అప్పుడొస్తుంది ఆ మాట: ‘ఒక్కసారి దిగి చూడు.’

లోపల హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ ఉంటాయి. ప్రాణవాయువు తగినంత ఉండదు. కుళ్లిన గుడ్ల వాసన వస్తే జాగ్రత్తపడవచ్చని అనుకుంటారు గానీ, హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముందు వాసన తెలిసే శక్తే పోతుంది. దిగినవాడు కూలిపోతాడు. కాపాడదామని దిగిన రెండోవాడూ కూలిపోతాడు. ‘సెప్టిక్ ట్యాంకులో ఊపిరాడక ఇద్దరు మృతి’ అన్న వార్త జిల్లా పేజీల్లో ఎన్నిసార్లు చదివాం! కొత్తగా కట్టి మూత వేసిన ట్యాంకులో సెంట్రింగ్ చెక్కలు తీయడానికి దిగి పోయినవాళ్లూ ఉన్నారు. మురుగు ఒక్క చుక్క పడకముందే.

మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం, రక్షణ ఏర్పాట్లు లేకుండా మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేయించడాన్నీ నేరం చేసింది. అది మున్సిపాలిటీకి, కాంట్రాక్టరుకు మాత్రమే వర్తించే చట్టం కాదు. ఏ వ్యక్తీ నేరుగా గానీ పరోక్షంగా గానీ ఎవరినీ ఆ పనికి పెట్టకూడదంటుంది. మొదటిసారి తప్పుకే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మాజీ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ అండతో బెజవాడ విల్సన్ నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్ ఏళ్ల తరబడి కోర్టులో పోరాడితే, 2014లో సుప్రీంకోర్టు మురుగులో మరణించినవారి కుటుంబాలకు పది లక్షల పరిహారం ఇవ్వాలంది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఈ చట్టం, ఈ తీర్పులు దిగమన్నవాణ్ని ప్రశ్నిస్తాయి. దిగాల్సిన అవసరాన్ని పుట్టించింది మాత్రం పదిహేనేళ్లు మూత తీయని ఇల్లు. నా దృష్టిలో రెండు మూడేళ్లకోసారి ట్యాంకరును పిలవడానికి ఇదే మొదటి కారణం. బోరూ, పోర్టికో టైల్సూ ఆ తర్వాతే.

‘నేను ఖాళీ చేయిస్తే మాత్రం ఏం లాభం, ఆ ట్యాంకరువాడు ఊరవతల చెరువులో వదిలేస్తాడు కదా’ అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. రాత్రిపూట వాగుల్లో పారబోసే ట్యాంకర్లు లేవని ఎవరూ అనలేరు. దీనికి జవాబు వరంగల్ నుంచి మొదలైంది. 2016లోనే అక్కడి నగరపాలక సంస్థ ట్యాంకర్లకు, మలవ్యర్థాల నిర్వహణకు నిబంధనలు పెట్టింది, ఆ తర్వాత శుద్ధి కేంద్రం కట్టింది. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలోనూ అలాంటి కేంద్రం వచ్చింది. మీ ఊరి ట్యాంకరు సరుకు ఎక్కడికి పోతోందని అడగండి, రశీదు అడగండి. పదిమంది అడిగితే గాని మున్సిపాలిటీలో కదలిక రాదు.

ఇంకో అడుగు ముందుకేసిన ఊరు మహారాష్ట్రలోని వాయి. మన కృష్ణమ్మ మహాబలేశ్వరం కొండలు దిగుతూనే ఒరుసుకుపోయే పట్టణం. అక్కడ ఇంటివాళ్లు పిలిచే దాకా ఆగరు. మూడేళ్లలో ఊరంతా తిరిగొచ్చేలా వార్డులవారీగా వరస వేసుకుని పురపాలక సంఘమే ట్యాంకరు పంపుతుంది. ఖర్చు పన్నులో కలిసిపోతుంది. నిండిందా లేదా అన్న వాదనే లేదు. మన పురపాలక సంఘాలు దీన్ని అందిపుచ్చుకోవడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, లెక్క రాసిన ఒక రిజిస్టరు, తిరిగే ట్యాంకర్లు, వదలడానికో శుద్ధి కేంద్రం చాలు.

ఆ రోజు వచ్చేదాకా ఇంటివాళ్ల వంతు పని చిన్నదే. వానాకాలంలో భూగర్భజలం పైకొచ్చినప్పుడు కాక, వేసవిలో ఖాళీ చేయించుకోవాలి. మూత మీద టైల్స్ అతికించకూడదు. ప్యాడ్లు, డైపర్లు, మిగిలిన నూనె అందులోకి వెళ్లకూడదు. యాసిడ్, ఫినాయిల్ గుమ్మరిస్తే లోపల పనిచేసే బ్యాక్టీరియానే చస్తుంది. చచ్చినదాన్ని బతికిస్తామంటూ అమ్మే పొడులు మడ్డిని మాయం చేయవు, బెల్లం, పేడ కూడా అంతే.

అద్దె ఇళ్లలో ఇదో తగాదా. యజమాని హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు, దుర్వాసన అద్దెకున్నవారికి. ట్యాంకు ఇంటిది కాబట్టి ఖర్చు ఇంటివారిదే కావాలి, అగ్రిమెంటులో ఆ మాట రాసుకోవాలి. ఇల్లు చేతులు మారేటప్పుడు ట్యాంకు సంగతి తేల్చుకోవడం, బోస్టన్ శివార్లలో సెప్టిక్ సిస్టమ్ ఉన్న ఇళ్లలో కాపురముండే మనవాళ్లకు కొత్త కాదు. మసాచుసెట్స్‌లో ఇల్లు అమ్మాలంటే ‘టైటిల్ 5’ కింద సెప్టిక్ తనిఖీ జరిగి ఉండాలి. మన దగ్గర పాత ఇల్లు కొనేటప్పుడు ఈసీ, లింకు డాక్యుమెంట్లు, పన్ను రశీదు, కరెంటు బిల్లు అన్నీ అడుగుతాం. ట్యాంకు చివరిసారి ఎప్పుడు ఖాళీ చేయించారో, ఆ రశీదేదో కూడా అడగడం మొదలుపెడితే, అమ్మేవాళ్లు బేరానికి కూర్చోకముందే ట్యాంకరుకు ఫోన్ చేస్తారు.