మ్యాపులో లేని గెడ్డ

మా కొండ మీద ఊటకు పేరుంది. దాని కింద పారే గెడ్డకూ పేరుంది. ఆఫీసు నుంచి వచ్చిన మ్యాపులో మాత్రం రెండూ లేవు. చెక్‌డ్యాం సంక్రాంతికే ఎండిపోయే వేరే గెడ్డ మీద కట్టారు. అడిగితే "కంప్యూటర్ అక్కడే చూపించింది మాస్టారూ" అన్నారు. ఆ మాటకు ఎదురు చెప్పాలంటే కంప్యూటర్ ఏం చేస్తుందో మనకు తెలియాలి.

జీఐఎస్ మంత్రం కాదు. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో నేల ఎత్తులు కొలిచారు. చాలా మ్యాపులకు అదే ఆధారం. అందులో నేలంతా 30 మీటర్ల గళ్లు, ఒక్కో గడికి ఒక్కటే ఎత్తు. దట్టమైన అడవిలో చెట్ల ఎత్తు కూడా అందులో కలిసిపోతుంది. గడిలో పడిన నీరు చుట్టూ ఉన్న ఎనిమిది గళ్లలో బాగా పల్లంగా ఉన్నదానిలోకి పోతుందని లెక్క. మరి ఎన్ని గళ్ల నీరు చేరితే గెడ్డ అని గీత గీయాలి? ఆ అంకె వేసేది కంప్యూటర్ కాదు, దాని ముందు కూర్చున్న మనిషి. అంకె పెద్దదైతే మన చిన్న గెడ్డలు మాయం.

ఇంకొకటి. లెక్కలో గుంట కనబడితే, నీరు ఆగకుండా పారాలని మామూలుగా ముందే దాన్ని పూడ్చేస్తారు. గోస్తనీ పుట్టే అనంతగిరి కొండల్లో, బొర్రా దగ్గర ఉన్నది సున్నపురాయి. అక్కడ నీరు రాతిలోకి దిగి గుహల్లో పారుతుంది. పైపై ఎత్తులు చూసే లెక్కకు ఆ దారి ఎలా తెలుస్తుంది?

అయినా తర్వాతి లెక్కలన్నీ ఆ గీతల మీదే. గెడ్డల మొత్తం పొడవును పరివాహక ప్రాంత విస్తీర్ణంతో భాగిస్తే ప్రవాహ సాంద్రత. విస్తీర్ణాన్ని ఆ ప్రాంతం పొడవు వర్గంతో భాగిస్తే దాని ఆకారం తెలుస్తుంది. గుండ్రంగా ఉంటే నలువైపుల నీరూ ఒకేసారి చేరి వరద ఎగసిపడుతుంది. సన్నగా, పొడవుగా ఉంటే నిదానంగా దిగుతుంది. ఇది మంచి విద్యే, మన పిల్లలకు నేర్పవలసిన విద్యే. కానీ గీత తప్పితే అంకె తప్పుతుంది. అంకె తప్పితే నీళ్లు లేనిచోట గోడ లేస్తుంది.

"మన కొండ మనకు తెలియదా, మ్యాపులెందుకు?" అనే మనవాళ్లతోనూ మాకు పేచీ ఉంది. తెలుసు. కానీ మనకు తెలిసింది కాగితం మీద లేకపోతే, చెల్లేది ఎదుటివాడి కాగితమే.

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ తగిన స్థాయి పంచాయతీలకు అప్పగించాలని 1996 పెసా చట్టం చెప్పింది. హక్కు మనది, మ్యాపు వాళ్లది. ఇదెక్కడి న్యాయం?

క్యూజీఐఎస్ ఉచితంగా దొరుకుతుంది. ఇస్రో వారి భువన్‌లో ఎత్తుల వివరాలున్నాయి. మన కుర్రాళ్ల ఫోన్లలో జీపీఎస్ ఉంది. టీచర్లారా, నడి ఎండాకాలంలో పిల్లల్నీ పెద్దల్నీ వెంటబెట్టుకొని కొండెక్కండి. అప్పటికీ నీరున్న ప్రతి ఊట దగ్గరా గుర్తు పెట్టండి. దాని పేరు మన భాషలో రాయండి. ఆ మ్యాపును గ్రామసభలో చదివి, తీర్మానం చేసి, బడి గోడకు తగిలించండి. ఈసారి వచ్చే ఇంజనీరును ముందుగా ఆ గోడ దగ్గరకే తీసుకెళ్దాం.