సంతకం వాడది, సొమ్ము గడీది

"ఎస్సీలకు లోనిచ్చుడంటే బూడిదల పన్నీరు పోసుడే. తాగి ఎగబెడతరు." ఒక మండల సమావేశంలో ఒక పెద్దమనిషి ఈ మాటన్నాడు. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. వెనక నిలబడ్డ మనవాళ్ళు ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. నవ్వకపోతే ఏమనుకుంటారో అని నవ్వారు. మేం నవ్వలేదు గానీ లేచి జవాబూ చెప్పలేదు. ఆ జవాబు ఇప్పుడు రాస్తున్నాం. వాడల్లో చదివి వినిపించండి. ఆ పెద్దమనిషికీ ఒక కాపీ చేర్చండి.

అప్పు ఎగబెట్టింది ఎవరో తేల్చాలంటే ముందు అప్పు తిన్నది ఎవరో తేల్చాలి గదా!

బర్రె దగ్గర మొదలుపెడదాం. 1980 అక్టోబరు 2 నుంచి దేశంలోని అన్ని బ్లాకుల్లో సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం నడిచింది. 1999లో దాన్ని వేరే పథకంలో కలిపేశారు. అందులో ఎస్సీ ఎస్టీలకు సగం సబ్సిడీ, మిగతా సగం బ్యాంకు అప్పు. కాగితం మీద బ్రహ్మాండం. మాలో ఒకరి నాయనకు రెండు బర్లు మంజూరైనయి. బర్లను కొనేటప్పుడు బ్యాంకాయన, పశువుల డాక్టరు, ఆఫీసు మనిషి, ఊరి పటేలు అంతా ఉన్నారు. లేనిది తీసుకునేవాడి ఇష్టమే. వచ్చిన బర్రె ఎవరిది? పటేలుదే! పాలు దిగిపోయిన ముసలి బర్రె. కొట్టంలో పడి గడ్డి దండుగ అవుతున్నదాన్ని సర్కారు ధరకు మా నాయన మెడకు కట్టాడు. రెండో బర్రె ఫోటోలో మాత్రమే వచ్చింది. ఆ ఫోటోలో దాని తాడు పట్టుకుని నిలబడ్డది మా నాయనే. ఫోటో దిగినాక దాన్ని ఇంకో ఊరికి తోలుకుపోయి ఇంకొకడి పక్కన నిలబెట్టారు. ఒక్క బర్రె ఎన్ని వాడలు తిరిగిందో ఆ బర్రెకే తెలుసు.

ముసలి బర్రె ఏడాది తిరక్కముందే చచ్చింది. ఇన్సూరెన్సు రావాలంటే చెవికి కొట్టిన బిళ్ళ పట్టుకురమ్మన్నారు. బిళ్ళ ఇచ్చాం. పైసలు ఎటు పోయినయో తెలియదు. నోటీసు మాత్రం ఠంచనుగా వచ్చింది. రెండు బర్ల అప్పు, వడ్డీతో సహా. ఆ నోటీసు చదివి పెట్టేవాడు వాడలో లేక ఆ కాగితాన్ని మా నాయన మళ్ళీ పటేలు దగ్గరికే తీసుకపోయాడు. మేం చదువుకోవాలని ఆయన పట్టుబట్టిన రోజు అదే.

ఇందులో ఎగబెట్టింది ఎవరు? అమ్మినవాడే సాక్షి. సాక్షే సిఫారసు చేసినవాడు. సిఫారసు చేసినవాడే "వీళ్ళకు లోన్లెందుకు" అని మండలంలో నవ్వేవాడు.

ఆ మాటకొస్తే, పంట రుణాలు మాఫీ చేసినప్పుడు ఎగబెట్టినవాడు అన్న మాట ఎవరి నోట్లోంచీ రాలేదు. తెలంగాణలో 2014లో లక్ష దాకా, 2024లో రెండు లక్షల దాకా మాఫీ అయినయి. రైతు అప్పు మాఫీ కావద్దని మేం అనం. మనలో కూడా ఎకరం అరెకరం ఉన్నవాళ్ళకు అది అందింది. కానీ భూమి ఉన్నవాడి అప్పు పోతే "రైతన్న కష్టం", భూమి లేనివాడి అప్పు పోతే "తాగి ఎగబెట్టిండు". ఈ రెండు నాలుకలు ఒకే నోట్లో ఎట్లా ఇముడుతున్నాయో చెప్పాలి.

బర్రె కాలం పోయింది, కారు కాలం వచ్చింది. 2021 ఆగస్టులో హుజూరాబాద్ ఉప ఎన్నిక ముందర దళితబంధు వచ్చింది. కుటుంబానికి పది లక్షలు, తిరిగి కట్టనక్కర్లేదు. బ్యాంకు గడప తొక్కకుండా సొమ్ము ఇవ్వడం మంచిదే, మేం కాదనం. కానీ 2022లో మిగతా నియోజకవర్గాలకు నూరేసి కుటుంబాలన్నప్పుడు ఆ నూరుమందిని ఎంచే పని ఎమ్మెల్యే చేతికి పోయింది. ఎమ్మెల్యే చేతికి పోయిందంటే ఆయన చుట్టూ తిరిగేవాడి చేతికి పోయినట్టే. ఎమ్మెల్యే సిఫారసు అవసరం లేదని హైకోర్టు అదే ఏడాది చెప్పాల్సి వచ్చింది. 2023 ఏప్రిల్‌లో సాక్షాత్తు ముఖ్యమంత్రి కేసీఆర్ తమ పార్టీ సమావేశంలో, దళితబంధులో మూడు లక్షల దాకా వసూలు చేసిన ఎమ్మెల్యేల చిట్టా తన దగ్గరుందని అన్నారు. ఆ చిట్టా ప్రజల ముందుకు రాలేదు. వసూలైన పైసలూ తిరిగి రాలేదు. పదిలో మూడు అక్కడ పోతే, మిగిలిన ఏడులో డీలరు కొటేషను మీద ఎక్కించిన ధర ఎంతో ఎవరు లెక్క కట్టారు? సొమ్ము ఖాతాలో పడ్డా మనం తీసుకునేది లేదు. కొటేషను ఇచ్చినవాడికే పోవాలి. ఆ కొటేషను ఎవరి బామ్మర్ది షోరూముదో, ఏ నాయకుడి డెయిరీదో మీ మీ ఊళ్ళల్ల మీకు తెలుసు.

ఇదంతా ఒక ఎత్తు. ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. దీన్ని ఎవరూ అప్పు అనరు, అభివృద్ధి అంటారు.

2018లో తెలంగాణకు కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. వెయ్యికి పైగా తండాలు పంచాయతీలైనయి. ఎస్సీ ఎస్టీ సర్పంచులు పెద్ద సంఖ్యలో గెలిచారు. మేం డప్పులు కొట్టి ఊరేగించినం. అదే చట్టంలో ఇంకో ఏర్పాటు ఉంది. చెక్కు మీద సర్పంచితో పాటు ఉపసర్పంచి సంతకం కూడా పడాలి. సర్పంచి సీటుకు రిజర్వేషను ఉంది, ఉపసర్పంచి కుర్చీకి లేదు. వార్డు మెంబర్లు తమలో ఒకరిని ఎన్నుకోవాలి. ఆ ఒకడు ఎవడవుతాడో చెప్పడానికి జ్యోతిష్యం రావాల్నా? రాజ్యాంగం ముందు తలుపు తీసి మనల్ని లోపలికి పిలిస్తే, ఈ చట్టం దొడ్డి తలుపు తీసి దొరను పక్క కుర్చీలో కూర్చోబెట్టింది.

2019 సెప్టెంబరులో పల్లెప్రగతి మొదలైంది. ప్రతి పంచాయతీకి ట్రాక్టరు ఉండాలన్నారు, ట్రాలీ, ట్యాంకరు ఉండాలన్నారు. వైకుంఠధామం, డంపింగు యార్డు, నర్సరీ, పల్లె ప్రకృతి వనం అన్నారు. ట్రాక్టరుకు సర్కారు సొమ్మిచ్చిందా? ఎక్కువ చోట్ల బ్యాంకు అప్పు ఇప్పించింది. కిస్తీ పంచాయతీ కట్టుకోవాలి. పెద్ద ఊరికి అది సరే. అయిదు వందల జనం ఉన్న తండాకు వచ్చే నిధులెన్ని, పన్నెంత? నెల నెలా ట్రాక్టరు కిస్తీ, డీజిలు, డ్రైవరు జీతం, కరెంటు బిల్లు, సఫాయి కార్మికుల జీతం పోగా మోరీ తీయడానికి మిగిలేదెంత? ట్రాక్టరు కావాల్నా వద్దా అని తండాను ఎవరడిగారు? కావాలని తీర్మానం రాసి సంతకం పెట్టించారు. అంతే.

మిగతా పనులకు ముందు పైసలు పెట్టి చెయ్యి, తర్వాత బిల్లు వస్తది అన్నారు. చేయకపోతే షోకాజు, సస్పెన్షను. చేయాలంటే పైసలు? నెలకు అయిదు వేలు, తర్వాత ఆరున్నర వేల గౌరవ వేతనం తీసుకునే మాదిగ సర్పంచి లక్షలు ఎక్కడినుంచి తెస్తాడు? మాకు బాగా తెలిసిన ఒక ఊళ్ళో జరిగింది చెప్తాం. ఊరు పేరు రాయం, ఆ మనిషి ఇంకా అక్కడే బతకాలి.

ఆ ఊళ్ళో సర్పంచి మన ఆడబిడ్డ. కూలికిపోయే మనిషి. ఉపసర్పంచికి జేసీబీ ఉంది, రెండు ట్రాక్టర్లున్నాయి, సిమెంటు దుకాణం తమ్ముడి పేర ఉంది. "అక్కా, నువ్వు రంది పడకు, పైసలు నేను పెడత" అన్నాడు. మూడు రూపాయల వడ్డీకి నోటు రాయించుకున్నాడు. నోటు ఆమె పేర, ఆమె పెనిమిటి జామీను. ఆ పైసలతో పని ఎవరు చేసిండ్రు? ఆయన జేసీబీయే. సిమెంటు ఆయన తమ్ముడిదే. వచ్చిన కొద్ది బిల్లుకు చెక్కు మీద రెండో సంతకం ఎవరిది? ఆయనదే. ఆ చెక్కు పోయింది ముందు జేసీబీ కిరాయికి, తర్వాత సిమెంటుకు. నోటు అట్లనే ఉంది. రాని బిల్లుకు వడ్డీ పెరుగుతున్నది. అప్పిచ్చినవాడు, పని చేసినవాడు, సామాను అమ్మినవాడు, పాసు చేసినవాడు ఒక్కడే. బాకీ పడ్డది మాత్రం ఆమె. 2024 ఫిబ్రవరి మొదట్లో పదవి పోయింది, నోటు పోలేదు. ఇంటి ముందటి రెండు గుంటల జాగా అడుగుతున్నాడు. ఆమె మాతో అన్నది: "సర్పంచిని కాకముందు నాకు అప్పు లేకుండె సారూ."

ఆమె కట్టించిన ఆ వైకుంఠధామం ఊరి వైపు ఉంది. వాడ పీనుగులు పాత జాగాకే పోతున్నాయి. ఇది పక్క మాట గానీ రాయకుండా ఉండలేకపోయాం.

చట్టం దీన్ని ఒప్పుకోదు. పంచాయతీ పనిలో, కాంట్రాక్టులో సొంత లాభం ఉన్నవాడు ఆ పంచాయతీలో సభ్యుడుగా ఉండటానికి అనర్హుడని 1994 చట్టంలోనూ ఉంది, 2018 చట్టంలోనూ ఉంది. అందుకే కాగితం మీద తమ్ముడు, బామ్మర్ది, జీతగాడు వస్తారు. ఆపాల్సిన ఆఫీసరు ఆ జేసీబీ యజమాని ఇంట్లోనే మధ్యాహ్నం భోజనం చేస్తాడు. 1948 నవంబరు 4న రాజ్యాంగసభలో బాబాసాహెబ్, ఊరిని కాక మనిషిని యూనిట్టుగా తీసుకున్నందుకు సంతోషం వెలిబుచ్చాడు. ఊరిని మెచ్చుకునేవాళ్ళకు ఆ మాట ఆనాడూ మింగుడు పడలేదు. ఈ నోటు చూస్తే ఆయనెందుకన్నాడో తెలుస్తది.

మనవాళ్ళ సంగతీ చెప్పుకోవాలి. చెప్పకపోతే మా నోటికి విలువ లేదు. కార్పొరేషను లోను ఇప్పిస్తానని వాడలో ఇంటికింత వసూలు చేసినవాడు మన కులపోడే. ఫోటోలో తాడు పట్టుకోమని మా నాయనను పిలుచుకుపోయినవాడూ వాడ మనిషే. ఖద్దరు అంగీ వేసుకుని దొర ముందు చేతులు కట్టుకునే ఈ దళారీలను సంఘం మీటింగుల్లో మొదటి వరుసలో కూర్చోబెడుతున్నది ఎవరు? మనమే. మాల దళారీని మాదిగలు, మాదిగ దళారీని మాలలు తిట్టి ఊరుకుంటున్నారు. ఎవరి దళారీని వాళ్ళు అడగండి ముందు.

2025 డిసెంబరులో మళ్ళీ పంచాయతీ ఎన్నికలు జరిగినయి. దాదాపు రెండేండ్లు స్పెషలాఫీసర్ల చేతిలో ఉన్న పంచాయతీల్లోకి కొత్త సర్పంచులొచ్చారు. అన్నల్లారా, అక్కల్లారా, మీరు గెలిచిన్నాడే ఎవరో వచ్చి "పైసలు నేను పెడత, రంది పడకు" అని ఉంటాడు. లేదంటే రేపు వస్తాడు. పంచాయతీ పనికి మీ సొంత పేర నోటు రాయకండి. పైనుంచి ఎంత వత్తిడి వచ్చినా "నిధులు లేవు, వచ్చినాక చేస్తాం" అని తీర్మానంలో రాయించి ఎంపీడీవోకు ఇచ్చి, ముట్టినట్టు రసీదు తీసుకోండి. డిజిటల్ కీ ఎవరి జేబులోనూ పెట్టకండి, సెక్రటరీ అడిగినా సరే. ఖాళీ తీర్మానం పుస్తకం మీద సంతకం అంటే ఖాళీ నోటు మీద సంతకమే. చదవరాకపోతే సిగ్గుపడొద్దు, వాడలో పదో తరగతి పిల్లను వెంట తీసుకపోండి. సామాను ఎవరి దగ్గర కొన్నారు, బండి ఎవరిది, ఎం.బి.లో ఎంత రాసిండ్రు అన్నది గ్రామసభలో గొంతెత్తి చదివించండి. గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టాలని చట్టమే చెప్తున్నది. పెట్టకపోతే ఆ సంగతి కూడా రాతపూర్వకంగా అడగండి.

పాత సర్పంచులకు రావలసిన బిల్లుల సంగతి వేరు. సర్కారు చేయించుకున్న పనికి సర్కారు కట్టాలి. కట్టేటప్పుడు జేసీబీ వాడికి కాదు, నోటు రాసిచ్చి బాకీ పడ్డ మనిషికి కట్టాలి. అట్లా బాకీ పడ్డ దళిత, గిరిజన మాజీ సర్పంచుల లెక్క మండలాల వారీగా తీస్తున్నాం. నోటు జిరాక్సు, ఎం.బి. నకలు, తీర్మానం నకలు ఏది దొరికితే అది పట్టుకుని మీ మండల సంఘం బాధ్యులను కలవండి. నకళ్ళు ఇవ్వమని ఆఫీసులో తిప్పితే సమాచార హక్కు దరఖాస్తు మేం రాసిస్తాం. ముందుగాల ఆ రెండు గుంటల జాగా నిలబెట్టాలి. ఆ ఊరి పెద్దమనుషుల పంచాయితీకి మేం పదిమందిమి పోతున్నాం. దగ్గరి ఊళ్ళవాళ్ళు మాతో రండి.