మంగళవాద్యం మంచిచెడ్డలు ఎంచేదెలా?

భగవదారాధనలో ఛత్రచామరాల సరసన గీతవాద్యాలనూ రాజోపచారాలుగా పెద్దలు విధించారు. కనుక ఆలయంలో నాదస్వరం కచేరీ కాదు, కైంకర్యం. దానిని ఎంచే కొలతలూ వేరే.

శ్రుతి నిలిచిందా? రాగం వేళకు తగినదా? మేలుకొలుపునకు భూపాలం, ఊరేగింపునకు మల్లారి, పవ్వళింపునకు నీలాంబరి సంప్రదాయం. డోలు నడక స్వామిని మోసే బోయీల అడుగుతో కలిసిందా? మంత్రపుష్పం మొదలుకాగానే వాద్యం మౌనం వహించిందా? ఈ నాలుగూ ఉంటే ఉత్తమ సేవ. ఒక స్వరం తొణికితే స్వామి మన్నిస్తాడు; సందర్భం తప్పితే సేవే చెడుతుంది. వేగం, సినిమా బాణీలు, మైకు హోరు గుణాలు కావు.

ఒంగోలు చెంత కరవదిలో 1924లో జన్మించి, శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా 1998లో సంగీత కళానిధి అయ్యారు. ఆ విద్యకు తొలి పునాది మన సీమే.

నేడు అనేక ఆలయాలలో మీట నొక్కితే మ్రోగే విద్యుత్ డోలు వెలసింది. దానికి వేళ తెలియదు, మౌనం తెలియదు.

బాపట్ల భావనారాయణస్వామి సన్నిధిలోనైనా, తెనాలి వైకుంఠపురంలోనైనా, రేపల్లె గుడిలోనైనా ఉత్సవంలో పూలకూ దీపాలకూ వెచ్చించే దానిలో కొంత విద్వాంసులకు కేటాయించండి. ఒక్క రాగమైనా చివరిదాకా నిలిచి వినండి. వినేవారుంటేనే వాయించేవారుంటారు.