పెట్టె కొనటమా, చేసుకోవటమా?

మలక్‌పేట నుంచి ఎనిమిదో తరగతి చదివే బాలుడొకడు ఈ నెల ఇట్లా రాశాడు: "మాస్టారూ, మా తాతయ్య పాడిన పాటల కాసెట్లూ, మా మేనత్త పెళ్ళి వీడియో టేపూ దుకాణంలో ఇచ్చి కంప్యూటరు ఫైళ్ళుగా మార్పించాము. తాతయ్య ఇప్పుడు లేరు. వాటిని ముందుగదిలో టీవీ మీద నానమ్మతో సహా అందరమూ చూడాలని కోరిక. అందుకు ఒక పెట్టె కొందామని నాన్నగారు అంటున్నారు. నేనే చేస్తానని నేనంటున్నాను. అమ్మ రెండూ వద్దంటున్నది. ఏది మంచిది?"

ఉత్తరం చిన్నదే గాని ప్రశ్న చిన్నది కాదు. ఇందులో డబ్బున్నది, విద్య ఉన్నది, ఇంట్లో నలుగురి మనశ్శాంతీ ఉన్నది.

పిల్లలూ, ముందు ఈ పెట్టె ఏం చేస్తుందో తెలుసుకుందాం. టీవీ తెర మీద బొమ్మ చుక్కలతో ఏర్పడుతుంది. మామూలు హెచ్‌డీ బొమ్మలో అడ్డంగా 1,920, నిలువునా 1,080, మొత్తం 20,73,600 చుక్కలుంటాయి. ఒక్కొక్క చుక్క రంగు చెప్పటానికి 3 బైట్లు కావాలి. సెకనుకు 25 బొమ్మలు మారతాయనుకోండి. కాగితం, పెన్సిలు తీసుకుని హెచ్చవేయండి. సెకనుకు 15 కోట్ల 55 లక్షల బైట్లు! ఈ లెక్కన రెండున్నర గంటల సినిమా సుమారు 1,400 గిగాబైట్లు కావాలి. కాని అదే సినిమా 4 గిగాబైట్ల ఫైలుగా మన చేతికి వస్తున్నది. మిగతాదంతా ఏమైనట్టు?

బళ్ళో మాస్టారు రోజూ నలభైమంది పేర్లూ రాసి హెడ్మాస్టరుగారికి పంపడు. "ఈ రోజు రానివాళ్ళు ముగ్గురు" అని చీటీ రాస్తాడు. అసలు పట్టీ హెడ్మాస్టరుగారి దగ్గర ఉన్నది గనక ఆ చీటీ చాలు. వీడియో ఫైలు కూడా ఇట్లాంటిదే. ముందు ఒక నిండు బొమ్మ ఇచ్చి, తరువాతి బొమ్మల్లో దానికీ వీటికీ వచ్చిన తేడా మట్టుకే రాస్తారు. పెళ్ళిపందిట్లో వెనక కట్టిన తెర కదలదు, పురోహితుడి చెయ్యి కదులుతుంది. చెయ్యి సంగతి రాస్తే సరిపోతుంది. కంటికి ఆనని సూక్ష్మాలు కొన్ని వదిలేస్తారు కూడా. పెట్టె పనల్లా ఆ చీటీలు చదివి, తిరిగి నిండు బొమ్మలు కట్టటం. అదీ సెకనుకు 25 సార్లు, ఒక్కసారి కూడా తడుముకోకుండా! ఇందుకోసమే కొన్ని చిప్పుల్లో ప్రత్యేకమైన భాగం ఉంటుంది. అది లేని పాత కంప్యూటరు కొత్తరకం ఫైళ్ళను ఆడించలేక వేడెక్కిపోతుంది, బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది.

ఈ విద్య ఇప్పటి టీవీలు చాలా వాటికి పుట్టుకతోనే వచ్చు. కాబట్టి అబ్బాయీ, కొనటమా చెయ్యటమా అనే తగువుకు ముందు మీ టీవీ వెనక్కు వెళ్ళి చూడు. యూఎస్‌బీ రంధ్రం ఉంటే పెళ్ళి వీడియో పెన్‌డ్రైవులో వేసి అందులో పెట్టు. చక్కగా ఆడిందా, మీ అమ్మ నెగ్గింది. పైసా ఖర్చు లేదు.

ఆడలేదనుకో. లేక, ఫైళ్ళు వందల కొద్దీ పెరిగి వెతుక్కోవటమే పెద్ద పని అయిందనుకో. అప్పుడు మీ నాన్నగారి మాట వినాలి. ఆయన చెప్పే పెట్టెకు ఒక గొప్ప సౌకర్యం ఉన్నది. ఇంటర్నెట్టులో సినిమాలు పంపే కంపెనీలు వాటికి తాళం వేసి పంపుతాయి. తాళంచెవి, తాము పరీక్షించి ఒప్పుకున్న యంత్రాలకే ఇస్తాయి. ఇంట్లో చేసిన పెట్టెకు చాలాసార్లు ఆ చెవి దొరకదు, దొరికినా బొమ్మ నాసిగా వస్తుంది. ఇంటిల్లిపాదీ చూసేది ఆ సినిమాలే అయితే మారు మాట్లాడకుండా కొనండి. కాని కొన్న పెట్టెకు యజమాని మీరు సగమే. తెర తెరవగానే వాళ్ళ ప్రకటనలు కనిపిస్తాయి. కొన్నేళ్ళకు వాళ్ళు కొత్త ప్రోగ్రాములు పంపటం మానేస్తే, పెట్టె నిక్షేపంలా ఉన్నా పనికి రాకుండా పోవచ్చు.

ఇక చేసుకోవటం. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో కొందరు, బడిపిల్లలు ప్రోగ్రాములు రాయటం నేర్చుకోవాలనే ఉద్దేశంతో, రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటరు తయారు చేశారు. 2012 ఫిబ్రవరి 29న అది అమ్మకానికి వచ్చింది. అప్పటి వెల 35 డాలర్లు, అరచేతిలో పట్టేటంత బోర్డు. దీనిని సినిమా పెట్టెగా మార్చే ప్రోగ్రాము పేరు కోడీ. 2002లో ఎక్స్‌బాక్స్ అనే ఆట యంత్రం కోసం కొందరు ఔత్సాహికులు మొదలుపెట్టినదే పెరిగి పెద్దదై, 2014లో ఈ పేరు పెట్టుకున్నది. దీనికి డబ్బు ఇవ్వనక్కరలేదు. లిబ్రెలెక్ అనే ఉచిత ప్రోగ్రాములో కోడీ కలిసే ఉంటుంది. దాన్ని చిన్న మెమరీ కార్డుకు ఎక్కించి బోర్డులో గుచ్చితే, మీ ఫైళ్ళు బొమ్మలతో, పేర్లతో తెర మీదికి వస్తాయి. తల్లిదండ్రులకు ఒక మాట: కోడీ తనంతట తాను ఏ సినిమా ఇవ్వదు. "అన్ని సినిమాలూ ఉచితం" అని బజారులో అమ్మే పెట్టెల్లో ఉండేది దొంగ సరుకు. వాటి జోలికి పోకండి.

మలక్‌పేటలో మెట్రో ఎక్కితే రెండో స్టేషను ఉస్మానియా మెడికల్ కాలేజీ. అక్కడ దిగి కోఠీ గుజరాతీ గల్లీకి నడవవచ్చు. ఎలక్ట్రానిక్ సామాను దుకాణాలకు పేరుబడ్డ చోటు. వెళ్ళి వెలలు అడుగు, ఒక్క బోర్డు వెల మట్టుకు అడిగి తిరిగి రాకు. నాలుగో తరం బోర్డుకు 5.1 వోల్టుల దగ్గర 3 ఆంపియర్ల కరెంటిచ్చే అడాప్టరు ఉండాలి. ఇంట్లో పడి ఉన్న ఫోను చార్జరు పెడితే కరెంటు చాలక తెర మూలలో పసుపుపచ్చని మెరుపు గుర్తు కనిపిస్తుంది. దాని హెచ్‌డీఎంఐ రంధ్రం కూడా చిన్నరకం, మామూలు వైరు పట్టదు. పైన కార్డు, డబ్బా, ఫైళ్ళకు డిస్కు. రిమోటు మట్టుకు కొనే పని ఉండకపోవచ్చు. హెచ్‌డీఎంఐ వైరులోని 19 పిన్నులలో ఒకటి, టీవీ రిమోటు నొక్కుళ్ళను పెట్టెకు చేరవేయటానికే ఉన్నది. (ఇంత మంచి ఏర్పాటును కొన్ని టీవీల్లో ఎక్కడో సెట్టింగుల అడుగున దాచిపెట్టారు, ఎందుకో!) కరెంటు ఖర్చు లెక్కలోది కాదు. 5 వాట్ల పెట్టె రాత్రింబగళ్ళు నడిచినా నెలకు 3.6 యూనిట్లు.

మొత్తం కూడి చూడు. కొన్న పెట్టె కన్న ఎక్కువే తేలవచ్చు. కాబట్టి చవక అని చెప్పి నాన్నగారిని ఒప్పించబోకు. నేర్చుకుంటానని చెప్పి అడుగు, అది నిజం గనక.

కొంత ఇతరుల దగ్గర తెచ్చుకుని, కొంత మనం చేసుకోవటం మన దేశంలో టీవీ తొలినాళ్ళ నుంచీ ఉన్నదే. 1975 ఆగస్టు 1 నుంచి ఒక ఏడాదిపాటు 6 రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా టీవీ చూపించారు. వాటిలో ఆనాటి ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా ఉన్నాయి. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం వచ్చింది 1977లో. అంటే పట్నం కన్న పల్లె ముందు చూసిందన్నమాట! ఏటీఎస్-6 అనే ఆ ఉపగ్రహం అమెరికావారిది, అడిగి తెచ్చుకున్నాం. పల్లెల్లో నిలబెట్టిన పది అడుగుల గొడుగుల వంటి యాంటెనాలు మట్టుకు ఇక్కడే, కోళ్ళగూళ్ళకు కొట్టే తీగవలతో కట్టారు. సెట్లు తయారు చేసింది మన హైదరాబాదు ఈసీఐఎల్. అంతటితో ఊరుకోలేదు. సెట్టు చెడిపోతే వెళ్ళి బాగుచేసేవాళ్ళను కూడా ఏర్పాటు చేశారు.

మీ ఇంట్లో ఆ బాగుచేసేవాడివి నువ్వే. ఫైలు రాస్తుండగా కరెంటు పోయి కార్డు చెడవచ్చు. అది నీ పరీక్షల వారంలోనే జరగవచ్చు. అందుకని రెండో కార్డు ఒకటి సిద్ధం చేసి, డబ్బా మీద పేరు రాసి ఉంచాలి. అంత ఓపిక ఉంటే చెయ్యి, నాకు సంతోషం. లేకపోతే కొనటంలో చిన్నతనం ఏమీ లేదు.

చేసిన పెట్టెను వెంటనే ముందుగదిలో పెట్టవద్దు. సెలవు రోజున టీవీకి తగిలించి నానమ్మకు ఒకసారి చూపించు. మరునాడు నువ్వు బడిలో ఉన్నప్పుడు ఆవిడ ఎవరినీ పిలవకుండా తాతయ్య పాట పెట్టుకోగలిగితే, పెట్టె పూర్తయినట్టు. లేకపోతే పని ఇంకా మిగిలి ఉన్నది. మెనూలో అక్కరలేనివి తీసివేయి, అక్షరాలు పెద్దవి చెయ్యి, తాతయ్య ఫోటో మొదట కనిపించేటట్టు పెట్టు.

ఇంకొకటి. కార్డు పోతే మళ్ళీ ఎక్కించుకోవచ్చు, బోర్డు పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు. తాతయ్య గొంతు ఏ గల్లీలోనూ దొరకదు. ఆ ఫైళ్ళను పెట్టెకు తగిలించే ముందే వేరే రెండు డిస్కుల మీదికి ఎక్కించు. పాత కాసెట్లు పారవేయకు. ఒక డిస్కు మీ ఇంట్లో, రెండోది మేనత్తగారింట్లో ఉంచండి. ఎటూ పెళ్ళి వీడియో ఆవిడదే గదా.